రెండు వేళ్లు ముడుచుకుపోయాక ఏం మిగిలింది?



ఏటా జూన్‌లో స్కూళ్లు తెరవగానే మా సంగీతం టీచర్లకు రెండు రకాల విన్నపాలు వస్తుంటాయి. ఒకటి: "మేడమ్, మావాడు ఎనిమిదికి వచ్చాడు. ఇక మ్యూజిక్ పీరియడ్ వద్దు, ఆ టైములో లెక్కలు చేసుకోనివ్వండి." రెండోది దీనికి పూర్తిగా ఎదురు: "మేడమ్, మా పాప కీబోర్డ్ బాగా వాయిస్తుంది. రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెడితే ఈ ఏడాది రెండు గ్రేడ్లు పూర్తవుతాయి?"

ఒకరు సంగీతం మానిపించమంటున్నారు, ఇంకొకరు పెంచమంటున్నారు. కానీ ఇద్దరి చేతిలోనూ కొలబద్ద ఒకటే: గంటలు. ఎన్ని గంటలు పెడితే అంత ఫలితం అన్న లెక్క. సాధన లేకుండా ఏదీ రాదని నాకూ తెలుసు. అభ్యాసం కూసు విద్య అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ సామెతలో గంటల లెక్క లేదు. ఎలాంటి అభ్యాసం, దాంతోపాటు పిల్లలకు ఇంకేం ఇస్తున్నాం అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్న కోసమే ఈ నెల ఒక పియానో విద్వాంసుడి జీవితం మీ ముందు పెడుతున్నాను. పేరు లియాన్ ఫ్లైషర్. 1928లో అమెరికాలో పుట్టి, 2020లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పియానో గురించి మీకేమీ తెలియకపోయినా ఫర్వాలేదు. ఈ కథలో ఆశ పెట్టుకున్న తల్లి ఉంది, గట్టి గురువు ఉన్నాడు, పోటీ ఉంది, మొదటి స్థానం ఉంది, ఆ తర్వాత తగిలిన పెద్ద దెబ్బ ఉంది. ఇవన్నీ మనకు తెలిసినవే.

అన్నయ్య పాఠం, తమ్ముడి చెవులు

ఫ్లైషర్ తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వలస వచ్చిన యూదులు. తండ్రిది ఆడవాళ్ల టోపీల వ్యాపారం. ఇంట్లో పియానో పాఠాలు మొదట పెట్టించింది లియాన్‌కు కాదు, వాళ్ల అన్నయ్యకు. పాఠం అయిపోగానే అన్న ఆటకు పరుగెత్తేవాడు. నాలుగేళ్ల తమ్ముడు పియానో ముందు కూర్చుని, తాను విన్నదంతా వాయించేవాడు. కొన్నాళ్లకు పాఠాలు తమ్ముడికి మారాయి. ఎనిమిదేళ్లకే మొదటి కచేరీ చేశాడు.

తల్లికి కొడుకు మీద చాలా పెద్ద ఆశ ఉండేది. పెద్దయ్యాక అమెరికాకు మొదటి యూదు అధ్యక్షుడన్నా కావాలి, గొప్ప పియానో విద్వాంసుడన్నా కావాలి. మూడో దారి లేదు. ఈ మాట ఫ్లైషరే తర్వాతి కాలంలో చెప్పుకునేవారు. మనం నవ్వుకోవచ్చు గానీ, మన ఇళ్లలో ఐఐటీ లేకపోతే ఎంబీబీఎస్ అన్న మాట దీనికి ఏమంత దూరం? ఆ తల్లి ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. కొడుకు చదువు కోసం ఇల్లు, ఊరు, దేశం దాటి వెళ్లిన తల్లి ఆమె. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

కచేరీలు వద్దన్న గురువు

ఆ రోజుల్లో ఆర్టూర్ ష్నాబెల్ అంటే పియానో లోకంలో చాలా పెద్ద పేరు. బీథోవెన్ రాసిన 32 పియానో సొనాటాలనూ మొత్తంగా మొట్టమొదట రికార్డు చేసింది ఆయనే. చిన్నపిల్లలకు పాఠం చెప్పనని ఆయన పట్టుదల. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్కెస్ట్రా కండక్టర్‌గా పేరున్న ఆల్‌ఫ్రెడ్ హెర్ట్జ్ ఇందుకు ఒక ఉపాయం పన్నారు. ష్నాబెల్‌ను భోజనానికి పిలిచారు. భోజనం ముగించి ఆయన హాల్లోకి వచ్చేసరికి పియానో ముందు ఒక చిన్న పిల్లాడు కూర్చుని ఉన్నాడు. ఇక వినక తప్పలేదు. విన్నాక కాదనలేకపోయారు.

కానీ ఒక షరతు పెట్టారు. తన దగ్గర నేర్చుకునే రోజుల్లో పిల్లాడు కచేరీలు చేయకూడదు.

ఈ షరతు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తొమ్మిదేళ్ల పిల్లాడు. ఊరంతా మెచ్చుకుంటున్న ప్రతిభ. ఆ వయసులో వేదికలు వద్దు, చప్పట్లు వద్దు అని గురువు అంటే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? మనమైతే వేరే మాస్టారిని చూసుకుంటామేమో. ఫ్లైషర్ తల్లి ఒప్పుకుంది. 1938లో కొడుకును తీసుకుని, ష్నాబెల్ వేసవిలో పాఠాలు చెప్పే ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డుకు వెళ్లింది. తర్వాత యుద్ధం రావడంతో గురువూ శిష్యుడూ అమెరికా చేరారు. ఆ శిష్యరికం దాదాపు పదేళ్లు సాగింది.

ష్నాబెల్ పాఠం చెప్పే తీరు వేరు. ఒక శిష్యుడు వాయిస్తుంటే మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినాలి. అంటే అక్కడ ప్రతి పిల్లవాడూ తన పాఠంతోపాటు పక్కవాడి పాఠమూ నేర్చుకునేవాడు. వేలు మీట మీద పడకముందే ఆ స్వరం ఎలా పలకాలో మనసులో వినిపించాలని ఆయన బోధన. ముందు వినడం, తర్వాత వాయించడం. ఆయన గురువు లెషెటిట్‌స్కీ, లెషెటిట్‌స్కీ గురువు చెర్నీ, చెర్నీ గురువు సాక్షాత్తూ బీథోవెన్. మన సంగీతంలో శిష్యపరంపర అంటామే, అచ్చం అలాంటిదే.

ఆ పదేళ్లలో ఫ్లైషర్ చేతివేళ్లు ఎంత నేర్చుకున్నాయో, చెవులు అంతకన్నా ఎక్కువ నేర్చుకున్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

మొదటి స్థానం

1944లో, పదహారేళ్ల వయసులో, న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి ఫ్లైషర్ బ్రామ్స్ మొదటి కన్చెర్టో వాయించారు. కన్చెర్టో అంటే ఒక ప్రధాన వాద్యం, దానికి ఎదురుగా ఆర్కెస్ట్రా మొత్తం ఉండే పెద్ద రచన. ఆ రోజు కండక్టర్ పియర్ మాంట్యూ ఆ కుర్రాణ్ణి ఈ శతాబ్దంలో దొరికిన పియానో రత్నం అన్నంతగా పొగిడారు.

1952లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో జరిగిన క్వీన్ ఎలిజబెత్ పోటీలో ఫ్లైషర్‌కు మొదటి బహుమతి వచ్చింది. యూరప్‌లోని అంత పెద్ద పోటీ గెలిచిన తొలి అమెరికా పియానో విద్వాంసుడు ఆయన. తర్వాత జార్జ్ సెల్ నడిపించే క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ కన్చెర్టోలు ఐదూ, బ్రామ్స్ కన్చెర్టోలు రెండూ రికార్డు చేశారు. అరవై ఏళ్లు దాటినా సంగీతప్రియులు ఆ రికార్డులను ఇప్పటికీ వెతుక్కుని వింటారు. 1959లో బాల్టిమోర్‌లోని పీబాడీ కన్జర్వేటరీలో అధ్యాపకుడిగా చేరారు.

ముప్పై ఐదేళ్లకే తల్లి కోరిక నెరవేరింది. మన భాషలో చెప్పాలంటే సీటు వచ్చింది, ర్యాంకు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది మనం స్టేజీ మీద పిల్లలకు చెప్పే మామూలు విజయగాథ అయ్యేది.

1964

ఆ ఏడాది ఫ్లైషర్ వయసు 36. తర్వాతి ఏడాది క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో సోవియట్ యూనియన్ పర్యటన ఖాయమైంది. దానికి తయారవుతున్న రోజుల్లో కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు మాట వినడం మానేశాయి. పియానో మీద చెయ్యి పెట్టగానే ఆ రెండూ అరచేతిలోకి ముడుచుకునేవి. నొప్పి లేదు, వాపు లేదు. కానీ తెరవమంటే తెరుచుకోవు.

అప్పుడు ఆయన ఏం చేశారో తెలుసా? మనమైతే ఏం చేయమంటామో అదే చేశారు. సాధన పెంచారు. వేలు బలహీనపడిందేమో, ఇంకా గట్టిగా పనిచేయిస్తే దారికొస్తుందనుకున్నారు. ఎంత ఎక్కువ వాయిస్తే వేళ్లు అంత ఎక్కువ ముడుచుకున్నాయి. కొద్ది నెలల్లోనే రెండు చేతులతో కచేరీ అసాధ్యమైంది. సోవియట్ పర్యటన ఆయన లేకుండానే సాగిపోయింది.

ఆ జబ్బు పేరు ఫోకల్ డిస్టోనియా అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. లోపం వేలిలో కాదు, వేలిని నడిపించే మెదడులో. మెదడులో ఒక్కో వేలికీ ఒక్కో చోటు ఉంటుంది. ఒకే కదలికను, విశ్రాంతి లేకుండా, వేల సార్లు చేస్తూ పోతే కొందరిలో ఆ చోట్ల మధ్య హద్దులు చెరిగిపోతాయి. ఒక వేలికి పంపిన ఆజ్ఞ పక్క వేలికీ అందుతుంది. వృత్తి సంగీతకారుల్లో సుమారు నూటికి ఒకరికి ఇది రావచ్చని వైద్యుల అంచనా. ఎక్కువ సాధన చేసే ప్రతివారికీ వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. స్వభావం, ఒత్తిడి, శరీరతత్వం లాంటివీ ఇందులో ఉంటాయి. అయినా తన విషయంలో మాత్రం ఆలోచన లేకుండా గంటలకొద్దీ యంత్రంలా చేసిన సాధనే చేటు చేసిందని ఫ్లైషర్ నమ్మారు. ఆ తర్వాత జీవితమంతా శిష్యులకు చెబుతూ వచ్చారు: చెయ్యి అలసిపోతే ఆపండి, వాయించేముందు ఆలోచించండి.

అతి సర్వత్ర వర్జయేత్ అన్న మాట మనకు కొత్తదా? కాదు. కాకపోతే దాన్ని తిండికీ, నిద్రకీ, టీవీకీ వాడతాం. చదువుకు మాత్రం వాడం.

ఏం మిగిలింది?

ముప్పై ఆరేళ్ల మనిషి. నాలుగో ఏట నుంచి చేసింది ఒక్కటే పని. ఆ పని చేతుల్లోంచి జారిపోయింది. ఆ రోజుల్లో తీవ్రమైన నిరాశలో పడిపోయాననీ, బతుకు మీదే విరక్తి కలిగిందనీ ఆయనే దాచకుండా చెప్పుకున్నారు. ఆయన సంసారం కూడా ఆ కాలంలోనే విచ్ఛిన్నమైంది. ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. మందులు, ఇంజెక్షన్లు, హిప్నాటిజం, తర్వాత ఆపరేషన్. ఏదీ పనిచేయలేదు.

ఈ చోటు చదివేటప్పుడు నాకు మన ఇంటర్ ఫలితాల రోజులు గుర్తొస్తాయి. ఆ వారంలో పేపరు తెరవాలంటే భయం వేస్తుంది. పదిహేడేళ్ల పిల్లలు, ఒక్క పరీక్షలో ఒక్క అంకె తేడా వచ్చినందుకు తమకు ఇంకేం లేదనుకుంటారు. ఫ్లైషర్ బాధ తక్కువదని కాదు. కానీ ఆయన ఆ గోతిలోంచి పైకి రావడానికి పట్టుకున్న తాడు ఒకటుంది. మన పిల్లల చేతికి ఆ తాడు ఇస్తున్నామా అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ఆ తాడు ఇదీ. తనకు కావాల్సింది రెండు చేతుల పియానో కాదని, సంగీతమని ఒకరోజు ఆయనకు తట్టింది. రెండు వేళ్లు పోయినా చెవులు పోలేదు. ష్నాబెల్ ఇంట్లో పక్కవాళ్ల పాఠాలు వింటూ కూర్చున్న గంటలు పోలేదు. వేలు మీట మీద పడకముందే స్వరాన్ని మనసులో వినే అలవాటు పోలేదు. వాటితో మూడు పనులు మొదలుపెట్టారు.

మొదటిది, పాఠం చెప్పడం. అంతకుముందు తనే వాయించి చూపించేవారు. ఇప్పుడు అది కుదరదు కాబట్టి, చెప్పాల్సింది మాటల్లో చెప్పడం నేర్చుకున్నారు. దానివల్ల తన బోధన మెరుగుపడిందని ఆయనే అనేవారు. ఆండ్రే వాట్స్, యెఫీమ్ బ్రాన్ఫ్‌మన్, జొనాథన్ బిస్ లాంటి పేరున్న విద్వాంసులు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1959లో చేరిన పీబాడీలో జీవితం చివరిదాకా అధ్యాపకుడిగానే ఉన్నారు. అరవై ఏళ్లకు పైగా!

రెండోది, కండక్టర్ పని. వాషింగ్టన్‌లో చిన్న సంగీత బృందంతో మొదలుపెట్టి, 1970లో అనాపొలిస్ సింఫనీకి కండక్టరయ్యారు. 1973లో బాల్టిమోర్ సింఫనీలో అసోసియేట్ కండక్టరయ్యారు. అంతమంది వాయించేది ఒకేసారి విని, ఎవరిది ఎక్కడ తగ్గిందో పట్టుకోవడం ఆ పని. చెవులకు తర్ఫీదు లేనివారికి అది సాధ్యం కాదు.

మూడోది, ఎడమచేయి.

ఒంటిచేతి సంగీతం

ఎడమచేయి ఒక్కదానితో వాయించే పియానో సంగీతం కొంత అప్పటికే ఉంది. దాని వెనక ఇంకో మనిషి కథ ఉంది. వియన్నాకు చెందిన పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే యువ పియానో విద్వాంసుడు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లి కుడిచేయి పూర్తిగా పోగొట్టుకున్నాడు. యుద్ధఖైదీగా ఉన్నప్పుడే, మిగిలిన చేత్తో వాయించి తీరాలనుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆ కాలపు పెద్ద సంగీత రచయితలను అడిగి మరీ ఒంటిచేతి రచనలు చేయించుకున్నాడు. వాటిలో ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ రవెల్ రాసిన కన్చెర్టో అన్నిటికన్నా ప్రసిద్ధం. కళ్లు మూసుకుని వింటే ఒంటిచేతితో వాయిస్తున్నారని నమ్మలేం. 1932లో మొదటిసారి వినిపించిన ఆ రచనే, ముప్పై ఏళ్ల తర్వాత ఫ్లైషర్‌కు మళ్లీ వేదిక ఇచ్చింది.

ఈ కథకు ఒక అందమైన కొసమెరుపు ఉంది. విట్‌గెన్‌స్టైన్ కోసం జర్మన్ రచయిత పాల్ హిండెమిత్ 1923లో ఒక రచన చేశారు. అది ఆయనకు నచ్చలేదు, వాయించలేదు. ఆ కాగితాలు ఇంట్లోనే మరుగున పడిపోయాయి. విట్‌గెన్‌స్టైన్ భార్య కూడా చనిపోయిన తర్వాత బయటపడ్డాయి. 2004లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆ రచనను లోకానికి మొదటిసారి వినిపించింది ఎవరో తెలుసా? 76 ఏళ్ల లియాన్ ఫ్లైషర్. ఎనభై ఏళ్లు ఎదురుచూసిన ఆ సంగీతాన్ని వినిపించింది, కుడిచేయి మొరాయించడం వల్ల ఎడమచేయిని అంతగా మలుచుకున్న మనిషి.

వెనక్కి వచ్చిన చేయి, నిజం చెప్పిన మనిషి

1982లో బాల్టిమోర్‌లో కొత్త కచేరీ భవనం ప్రారంభోత్సవం. ఆపరేషన్ తర్వాత కుడిచేయి కాస్త తేరుకున్నట్టనిపించి, రెండు చేతులతో తిరిగి వేదికెక్కడానికి ఫ్లైషర్ ఒప్పుకున్నారు. మొదట అనుకున్నది బీథోవెన్ నాలుగో కన్చెర్టో. అది కుదరదని తేలడంతో కొంత సులువైన ఫ్రాంక్ రచన వాయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పేపర్లు మెచ్చుకున్నాయి. కానీ చెయ్యి నయం కాలేదని ఆయనకు తెలుసు. చప్పట్లను నమ్ముకుని ఆ నాటకం కొనసాగించలేదు. మళ్లీ ఎడమచేతికే వెళ్లిపోయారు. మనలో చాలామంది ఆ చప్పట్లకే పడిపోతాం. పిల్లలకు కూడా చప్పట్లు ఎలా తెచ్చుకోవాలో నేర్పుతాం గానీ, చప్పట్ల మధ్య కూడా "నాకు ఇంకా రాలేదు" అని తమకు తాము ఒప్పుకోవడం నేర్పడం లేదు.

1990లలో జబ్బు పేరు తెలిసింది. ముడుచుకున్న కండరాన్ని వదులుచేసే బొటాక్స్ ఇంజెక్షన్లు, చేతి కండరాలను లోతుగా మర్దనా చేసే చికిత్స కలిసి కొంత పనిచేశాయి. 1995లో రెండు చేతులతో మోజార్ట్ కన్చెర్టో వాయించారు. 2004లో 'టూ హ్యాండ్స్' అంటే 'రెండు చేతులు' అనే పేరుతో ఆల్బమ్ వచ్చింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత రెండు చేతులతో చేసిన సోలో రికార్డు అది. అప్పటికీ పూర్తిగా నయమైందని ఆయన చెప్పలేదు. ఆ చేతిని ప్రతిరోజూ కనిపెట్టుకుని ఉండాల్సిందేనని చెప్పేవారు. 2007లో అమెరికాలో కళాకారులకు ఇచ్చే గొప్ప గౌరవాల్లో ఒకటైన కెన్నెడీ సెంటర్ పురస్కారం అందుకున్నారు.

రెండు చేతులూ తిరిగి రావడం ఆయన అదృష్టం. రాకపోయినా ఆ జీవితం వృథా అయ్యేది కాదు. అప్పటికే అది నిండుగా ఉంది. నన్ను కట్టిపడేసింది ఈ సంగతే.

"మేడమ్, కథ బాగుంది. కానీ..."

మీరు ఏమంటారో నాకు తెలుసు. "సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందరూ పరుగెడుతుంటే మావాణ్ణి ఆగమంటారా? ఫీజు కట్టేది మేము. రేపు వాడు వెనకబడితే ఎవరు జవాబు చెబుతారు?"

న్యాయమైన ప్రశ్న. మీరు నెల నెలా ఏం వదులుకుని ఈ ఫీజు కడుతున్నారో మాకు తెలుసు. అందుకే సూటిగా చెబుతాను. నేను పరుగు ఆపమనడం లేదు. ఫ్లైషర్ కూడా పోటీలో పాల్గొన్నవారే, మొదటి బహుమతి తెచ్చుకున్నవారే. కష్టపడకుండా ఆ స్థాయి రాదు. నేను అడుగుతున్నది వేరు. ఆ పరుగులో కాలు బెణికితే నిలబడడానికి పిల్లలకు ఇంకో కాలు ఉందా లేదా?

ఎనిమిదో తరగతిలో సంగీతం, తొమ్మిదిలో ఆటలు, పదిలో కథల పుస్తకాలు, ఇంటర్‌లో స్నేహితులు. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతాం. ప్రతిసారీ కారణం సబబుగానే ఉంటుంది. చివరికి పిల్లవాడి దగ్గర మిగిలేది ఒక్క పరీక్ష. అది బాగా రాస్తే సరే. రాయలేకపోతే తను ఎవరు? ష్నాబెల్ కూడా ఆ పిల్లాడికి కేవలం వేళ్ల వేగం నేర్పి, వేదికల మీద తిప్పి ఉంటే, 1964లో ఫ్లైషర్ దగ్గర ఏమీ మిగిలేది కాదు.

వారానికి రెండు మ్యూజిక్ పీరియడ్లంటే మొత్తం ఎనభై నిమిషాలు. ఆ ఎనభై నిమిషాలు లెక్కలకు మళ్లిస్తే సీటు వస్తుందని, మళ్లించకపోతే పోతుందని నేను నమ్మను. కానీ బాగా వినడం, తప్పును తానే పట్టుకోవడం, పక్కవాళ్లతో కలిసి తాళం తప్పకుండా సాగడం అన్న మూడూ ఆ ఎనభై నిమిషాల్లో అలవడతాయి. లెక్కల్లోనైనా, డాక్టరీలోనైనా, రేపు ఆఫీసులోనైనా పనికొచ్చేవి అవే.

రెండో రకం తల్లిదండ్రులకు, అంటే కీబోర్డ్ మీద గంటలు పెంచమనేవారికి, ఇంకొక మాట. ఏడాదికి రెండు గ్రేడ్లు పూర్తిచేసిన పిల్లలు కొందరు, పరీక్ష కోసం నేర్చిన మూడు పాటలు తప్ప నాలుగోది వాయించలేరు. సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, కీబోర్డ్ అటక మీద ఉంటుంది. సంగీతాన్ని కూడా ఇంకో ఎంట్రన్స్ పరీక్షగా మార్చేస్తే, మొదటి రకం వాళ్లు మానిపించిన దానికీ మనం చేయిస్తున్న దానికీ తేడా ఏముంది?

ఈ నెల ఇంట్లో నాలుగు పనులు

ఇంట్లో చేసి చూడడానికి నాలుగు చిన్న పనులు చెబుతాను. ఖర్చు లేనివి.

ఒకటి. ఈసారి "ఎన్ని గంటలు చదివావు?" అని అడగడానికి బదులు "ఈరోజు కొత్తగా ఏం అర్థమైంది? అమ్మకు చెప్పు" అని అడగండి. పిల్లలు చెప్పగలిగితే చదువు వంటబట్టినట్టే. చెప్పలేకపోతే ఇంకో గంట అదే చదవడం వల్ల లాభం లేదు, దారి మార్చాలి.

రెండు. శరీరం చెప్పే మాట వినండి. రాస్తుంటే వేళ్లు పట్టేయడం, మణికట్టు నొప్పి, మెడనొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం లాంటివి సోమరితనానికి గుర్తులు కావు. నొప్పి ఉన్నప్పుడు వాయించవద్దని, రాయవద్దని చెప్పండి. అరగంటకోసారి లేచి చేతులు విదిలించుకుని రమ్మనండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. దాన్ని మరో గంట సాధనతో అణచివేయాలని చూడకండి.

మూడు. మార్కులతో, సర్టిఫికెట్‌తో పనిలేని ఒక్క ఇష్టాన్ని పిల్లలకు ఉండనివ్వండి. పాట కావచ్చు, బొమ్మలు వేయడం కావచ్చు, క్రికెట్ కావచ్చు, అమ్మమ్మ దగ్గర వంట నేర్చుకోవడం కావచ్చు. దాన్ని వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి, దానికి పోటీలు వెతక్కండి. కచేరీలు వద్దన్న ష్నాబెల్ షరతు మన ఇళ్లకూ పనికొస్తుంది.

నాలుగు. తమకన్నా చిన్నవారికి ఏదో ఒకటి నేర్పమనండి. తమ్ముడికి ఎక్కాలు, చెల్లికి ఒక పాట, పక్కింటి పాపకు ఇంగ్లిషు మాటలు, ఏదైనా సరే. నేర్పుతున్నప్పుడు తమకు ఏం తెలుసో, ఏం తెలియదో పిల్లలకే బయటపడుతుంది. తన అవసరం ఇంకొకరికి ఉందన్న నమ్మకం కూడా వస్తుంది. ఫ్లైషర్‌ను ఆ చీకటి రోజుల్లో నిలబెట్టిన వాటిలో శిష్యులు ముందుంటారు.

ఇంకో విన్నపం. మీ పిల్లలు ఒంటరిగా ఉంటున్నా, తిండి తగ్గించినా, "నావల్ల కాదు" అని పదే పదే అంటున్నా పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగకండి. వెంటనే క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ఆ మాటను చదువు తప్పించుకునే సాకుగా కొట్టిపారేయకండి. ముందు పిల్లల పక్కన కూర్చుని వినండి. మార్కుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మీటింగ్‌కు వచ్చినప్పుడు రిపోర్ట్ కార్డు మీద సంతకం పెట్టేముందు మాకూ, మీకూ కలిపి ఒక ప్రశ్న: రేపు ఏదో ఒక పరీక్ష ఈ పిల్లను, ఈ పిల్లవాణ్ణి కాదంటే, తన దగ్గర ఇంకా ఏమేం ఉంటాయి? ఆ జాబితాలో కనీసం మూడు మాటలు రాయగలిగితే మనం చేస్తున్న పని సరిగ్గానే ఉన్నట్టు. ఒక్కటే ఉంటే, ఆ జాబితా పెంచే పని ఈ ఏడాదే మొదలుపెడదాం. పిల్లలు ఇంకా చిన్నవాళ్లే, మనకు టైముంది.